ఈఎంఐ కావాలని ఆపేస్తే? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంటి లోను వాయిదాలు కట్టడం మానేయడం గురించి వచ్చిన ఉత్తరాలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. ఊరి పేరు తప్ప రాసినవాళ్ల వివరాలు తీసేశాం.

ప్రశ్న: 30 లక్షల హోమ్ లోను, 20 ఏళ్ల గడువు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ. నెలకి 26 వేల చిల్లర ఈఎంఐ. మొదలై ఏడాది కూడా కాలేదు. జీతం బాగానే ఉంది, కట్టలేక కాదు. మా ఆఫీసులో ఒకాయన "ఆరు నెలలు కట్టకు, బ్యాంకువాళ్లే కాళ్లబేరానికి వస్తారు, వన్ టైమ్ సెటిల్‌మెంట్‌లో ఐదారు లక్షలు తగ్గించుకోవచ్చు" అంటున్నాడు. నిజమేనా?
— కూకట్‌పల్లి

జవాబు: మీ ఆఫీసాయన ఎవరిదో పర్సనల్ లోను కథ విని ఉంటారు. తాకట్టు లేని అప్పులోనో, తాకట్టు అమ్మినా బాకీ తీరదని తేలిన అప్పులోనో బ్యాంకు దిగొస్తుంది. మీ ఫ్లాటు విలువ బాకీకన్నా ఎక్కువ, దస్తావేజులు బ్యాంకు లాకర్లో ఉన్నాయి. ఇక ఐదు లక్షలు వదులుకోవాల్సిన ఖర్మ వాళ్లకేం?

ఆరు నెలల్లో ఏం జరుగుతుందో తేదీల వారీగా చూడండి. మీ ఈఎంఐ ప్రతినెలా 5న పడుతుందనుకుందాం. 2026 జనవరి 5న పడలేదు. ఆ రాత్రి బ్యాంకు కంప్యూటర్లో రోజు లెక్క ముగిసే సరికే ఖాతా ఎస్‌ఎంఏ-0 అవుతుంది (ఎస్‌ఎంఏ అంటే మొండి బాకీ కాకముందు బ్యాంకు పెట్టే హెచ్చరిక గుర్తు). ఫిబ్రవరి 4కి ఎస్‌ఎంఏ-1, మార్చి 6కి ఎస్‌ఎంఏ-2. ఏప్రిల్ 5కి 90 రోజులు నిండి ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. సరిగ్గా మీ నాలుగో వాయిదా పడాల్సిన రోజు అది. చాలామంది మూడు నెలలు అనే మాట విని నాలుగోది కడితే చాలనుకుంటారు. అప్పటికే ఆలస్యం.

ఎన్‌పీఏ కాకముందు పాత వాయిదా ఒకటో రెండో కట్టినా ఖాతా వెనక్కి జరుగుతుంది. అయ్యాక ఆ వెసులుబాటు లేదు. అసలూ వడ్డీ కలిపి పడ్డ బకాయి మొత్తం తీరితేనే ఖాతాను మళ్లీ మామూలు ఖాతాగా మార్చాలని ఆర్‌బీఐ 2021 నవంబరులో స్పష్టం చేసింది. ఇంకో సంగతి: మొండి బాకీ ముద్ర పడేది లోనుకి కాదు, మనిషికి. అదే బ్యాంకులో మీకు కారు లోను ఉంటే, అది పైసా బాకీ లేకుండా నడుస్తున్నా దానికీ ఆ ముద్రే.

తర్వాత సర్ఫేసీ చట్టం (సివిల్ కోర్టుకెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్మే హక్కు బ్యాంకుకిచ్చేది) సెక్షన్ 13(2) కింద నోటీసు వస్తుంది. అందులో అడిగేది ఎగ్గొట్టిన మూడు నాలుగు వాయిదాలు కాదు, మొత్తం 30 లక్షలూ వడ్డీతో సహా 60 రోజుల్లో కట్టమని. మీ ఆఫీసాయన చెప్పిన ఆరో నెలలో మీ చేతిలో ఉండేది సెటిల్‌మెంట్ కాగితం కాదు, ఈ కాగితం.

ఈ దశలో లోను స్టేట్‌మెంట్ చూసి మోసపోయేవాళ్లు ఎక్కువ. ఎన్‌పీఏ అయ్యాక బ్యాంకు తన పుస్తకాల్లో వడ్డీని ఆదాయంగా వేసుకోదు, కాబట్టి స్టేట్‌మెంట్లో అంకె పెరగడం ఆగిపోతుంది. "చూశారా, వడ్డీ ఆపేశారు" అని సంబరపడతారు. ఆ వడ్డీ మెమొరాండం ఖాతాలో పక్కన పేరుకుంటూనే ఉంటుంది, తీర్చే రోజున రూపాయితో సహా ముందుకొస్తుంది. మీ బాకీ మీద అది నెలకి సుమారు 21 వేలు. ఆలస్య రుసుము దీనికి అదనం. ఆ రుసుమును అసలుకి కలిపి దానిపై మళ్లీ వడ్డీ వేయకూడదని 2023 ఆగస్టులో ఆర్‌బీఐ చెప్పింది, లెక్కలో అలా కలిపితే నిలదీయండి.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట "కట్టలేక కాదు" అన్నది. 25 లక్షలు, ఆపైన బాకీ ఉండి, కట్టే స్తోమత ఉండీ కట్టనివాళ్లను ఉద్దేశపూర్వక ఎగవేతదారుగా ప్రకటించవచ్చని ఆర్‌బీఐ 2024 జూలై ఆదేశాలు చెబుతున్నాయి. మీ బాకీ ఆ గీత దాటే ఉంది, జీతం నెలనెలా జమవుతున్నట్టు బ్యాంకు స్టేట్‌మెంటే సాక్ష్యం. ముందు షోకాజ్ నోటీసు, జవాబుకి 21 రోజులు, ఆ పైన కమిటీ విచారణ ఉంటాయి. ఒకసారి ఆ జాబితాకెక్కితే, పేరు తీసేశాక కూడా ఏడాదిపాటు కొత్త అప్పు పుట్టదు.

ఒకవేళ సెటిల్‌మెంట్ కుదిరినా క్రెడిట్ రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది. అప్పు తీర్చాడని కాదు, కొంత ఎగ్గొట్టాడని దాని అర్థం. ఆ బ్యాంకు కనీసం 12 నెలలు మీకు మళ్లీ అప్పివ్వకూడదన్న నిబంధన కూడా ఉంది. ఖాతాలో డబ్బు లేక నాచ్ మాండేటు (ఖాతా నుంచి నెలనెలా ఈఎంఐ దానంతటదే కోసుకోవడానికి మీరిచ్చిన అనుమతి) తిరిగొస్తే, చెల్లింపు వ్యవస్థల చట్టం 2007 సెక్షన్ 25 కింద చెక్ బౌన్స్ లాంటి క్రిమినల్ కేసే వేయవచ్చు. రెండేళ్ల దాకా జైలు, మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మీ బాధ వడ్డీ అయితే దానికి దారి వేరే ఉంది. కొత్తగా లోను తీసుకునేవాళ్లకి మీ బ్యాంకే ఎంత రేటు ఇస్తోందో చూసి, ఆ రేటుకి మార్చమని రాసివ్వండి. కొద్దిపాటి కన్వర్షన్ ఫీజు తీసుకుంటారు. ఒప్పుకోకపోతే ఇంకో బ్యాంకుకి మార్చుకోండి, ఫ్లోటింగ్ రేటు హోమ్ లోను ముందే తీర్చినందుకు వ్యక్తుల దగ్గర రుసుము వసూలు చేయకూడదు. ఎనిమిదిన్నర నుంచి ఎనిమిదికి తగ్గితే ఈఎంఐ సుమారు 26,035 నుంచి 25,093కి దిగుతుంది. 20 ఏళ్ల మీద 2 లక్షల 26 వేల దాకా మిగులు. ఆఫీసాయన ఆశపెట్టిన ఐదు లక్షలు కాకపోవచ్చు, కానీ ఇది నిజంగా చేతికొచ్చే డబ్బు.

ప్రశ్న: జనవరిలో ఒక్క ఈఎంఐ కట్టలేదు. ఆ తర్వాత ప్రతినెలా ఠంచనుగా కడుతున్నాను. అయినా సిబిల్ రిపోర్టులో ప్రతినెలా ఆలస్యం చూపిస్తోంది. బ్యాంకు తప్పేనా?
— విజయవాడ

జవాబు: తప్పు కాదు, లెక్క అలాగే పనిచేస్తుంది. మీరు ఫిబ్రవరిలో కట్టింది ముందు పాత బాకీకే, అంటే జనవరికే జమవుతుంది. అప్పుడు ఫిబ్రవరిది బాకీ పడుతుంది. మార్చిలో కట్టింది ఫిబ్రవరికి పోతుంది. ఇలా ఎన్నేళ్లు కట్టినా మీరు ఒక నెల వెనకే ఉంటారు. రిపోర్టులో 36 నెలల గడులు ఉంటాయి, ప్రతి గడిలోనూ ఎన్ని రోజుల ఆలస్యమో అంకె పడుతూనే ఉంటుంది. ఒక్క నెల రెండు ఈఎంఐలు, దాంతోపాటు బౌన్స్ ఛార్జీలు, ఆలస్య రుసుము కలిపి కట్టేయండి. కట్టే ముందు "ఓవర్‌డ్యూ మొత్తం ఎంత" అని బ్రాంచిలో కాగితం మీద రాయించుకోండి. ఛార్జీల కింద మూడు నాలుగు వందలు మిగిలిపోయి, గొలుసు తెగకుండా సాగిన ఖాతాలు కొల్లలు.

ప్రశ్న: 2023 డిసెంబరుకి ఫ్లాటు అప్పగిస్తానన్న బిల్డరు ఇప్పటికీ ఎనిమిదో అంతస్తులోనే ఉన్నాడు. అద్దె ఒకవైపు, లోను వడ్డీ ఒకవైపు కడుతున్నాం. ఇల్లే ఇవ్వనప్పుడు ఈఎంఐ ఎందుకు కట్టాలి? కొనుగోలుదారులమంతా కలిసి ఒకేసారి ఆపేద్దామనుకుంటున్నాం.
— బాచుపల్లి

జవాబు: కోపం న్యాయమైనదే, గురే తప్పింది. మీరు ఆపేస్తే దెబ్బ బిల్డరుకి తగలదు, అతనికి వెళ్లాల్సిన సొమ్ములో చాలాభాగం బ్యాంకు ఎప్పుడో ఇచ్చేసింది. లోను ఒప్పందం మీకూ బ్యాంకుకీ మధ్య, అమ్మకం ఒప్పందం మీకూ బిల్డరుకీ మధ్య. రెండోది చెడితే మొదటిది రద్దవదు. వందమంది కలిసి ఆపినా వంద ఎన్‌పీఏలు వేర్వేరుగానే పడతాయి.

ఆపాల్సింది ఇంకొకటి ఉంది. లోను పూర్తిగా విడుదల కాకపోయి ఉంటే, పని ముందుకు కదిలే వరకు మిగతా విడతలు బిల్డరుకి ఇవ్వొద్దని బ్యాంకుకి ఈరోజే రాసివ్వండి, రసీదు తీసుకోండి. ఆ ఉత్తరానికి సైటు ఫోటోలు జతచేయండి. డిమాండ్ లెటర్ రాగానే స్లాబు పడిందో లేదో చూడకుండా విడుదల చేసే బ్రాంచీలు ఉన్నాయి. మీ ఉత్తరం చేతిలో ఉంటే అలా చేయడానికి జంకుతారు.

తర్వాత రెరా, అంటే బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే స్థిరాస్తి నియంత్రణ సంస్థ. 2016 చట్టం సెక్షన్ 18 ప్రకారం మీ ముందు రెండు దారులు. ప్రాజెక్టు నుంచి తప్పుకుంటే కట్టిన డబ్బు వడ్డీతో వెనక్కి. ఉండదలచుకుంటే అప్పగించే దాకా ప్రతి నెల ఆలస్యానికీ వడ్డీ. ఈ వడ్డీ స్టేట్ బ్యాంకు ఎంసీఎల్ఆర్ (అప్పులకి బ్యాంకు ఆధారంగా పెట్టుకునే వడ్డీ రేటు) మీద రెండు శాతం కలిపి లెక్కిస్తారు, సాధారణంగా మీ లోను రేటుకన్నా ఎక్కువే పడుతుంది. తప్పుకునే దారి ఎంచుకుంటే త్రైపాక్షిక ఒప్పందం (మీరూ బిల్డరూ బ్యాంకూ కలిసి రాసుకున్నది) తీసి చదవండి, వెనక్కొచ్చే డబ్బు ముందు బ్యాంకుకే చేరాలని మామూలుగా అందులో ఉంటుంది. ఆర్డరు రావడం ఒక ఎత్తు, డబ్బు రావడం ఇంకో ఎత్తు. బిల్డరు కట్టకపోతే భూమి శిస్తు బకాయిలా రెవెన్యూ శాఖ వసూలు చేయాలి, అక్కడ నడక నిదానం. అన్నాళ్లూ ఈఎంఐ నడవాల్సిందే.

ప్రశ్న: మావారి వ్యాపారం దెబ్బతిని నాలుగు నెలలుగా ఈఎంఐ కట్టలేదు. 18 లక్షల 40 వేలు 60 రోజుల్లో కట్టమని నోటీసు వచ్చింది. ఇల్లు 35 లక్షలు చేస్తుంది. తెలిసినవాళ్లు సివిల్ కోర్టులో స్టే తెచ్చుకోమంటున్నారు. నోటీసు తీసుకోకుండా తిప్పి పంపాల్సింది అని ఇంకొకరు అంటున్నారు. ఇప్పుడేం చేయాలి?
— కాకినాడ

జవాబు: తీసుకుని మంచి పని చేశారమ్మా. తిప్పి పంపితే తలుపుకి అంటిస్తారు, పత్రికలో వేస్తారు, గడువు మాత్రం ఆగదు. సివిల్ కోర్టు మాట మరిచిపోండి. సర్ఫేసీ సెక్షన్ 34 ఆ దారి మూసేసింది, ఫీజులూ విలువైన రోజులూ పోవడమే మిగులుతుంది.

మొదట నోటీసు మీద తేదీ, మీకు అందిన తేదీ రెండూ క్యాలెండరు మీద రాసుకోండి. ఈ 60 రోజుల్లో బ్యాంకు ఇంటి జోలికి రాకూడదు. ఇదే మీ అసలు వ్యవధి. ఈలోగా రాతపూర్వకంగా అభ్యంతరం పంపవచ్చు, బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. "కష్టాల్లో ఉన్నాం, దయచూడండి" అని రాస్తే పొడి జవాబే వస్తుంది. లెక్కలు అడగండి: ఎన్‌పీఏ తేదీ ఏది, అసలెంత, వడ్డీ ఎంత, రుసుములెంత, కట్టిన ఏ మొత్తం జమకాలేదు. బకాయి వాయిదాలన్నీ కట్టి ఖాతాను నిలబెట్టుకునే స్తోమత ఎక్కడైనా దొరికితే అదే ఉత్తరంలో తేదీలతో సహా రాయండి. నోటీసు ఇచ్చాక కూడా బకాయి వరకు తీసుకుని ఖాతాను నడవనిచ్చే బ్యాంకులు చాలా ఉన్నాయి. చట్టం వాళ్లని బలవంతపెట్టదు, అందుకే ముందు కొంత సొమ్ము వేసి అడిగితే మాట చెల్లుతుంది.

అది కుదరదని తెలిస్తే ఇల్లు మీరే అమ్మండి. 35 లక్షల ఇంటి మీద 18 లక్షల 40 వేల బాకీ అంటే సగం పైచిలుకే. వేలానికి పోతే బ్యాంకు రిజర్వు ధర పెడుతుంది, లోపల మనుషులున్న ఇల్లు, కేసున్న ఇల్లు అని కొనేవాళ్లు జంకుతారు, పాట లేవదు. నోటీసు వచ్చాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా అమ్మకూడదు, అందుకని ముందు ఆ అనుమతి, ఏ తేదీకి ఎంత కడితే లోను తీరుతుందో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటర్, బ్యాంకు దగ్గరున్న దస్తావేజుల జాబితా అడగండి. కొనేవారు అడ్వాన్సు మీ చేతికివ్వకుండా నేరుగా లోను ఖాతాలోకి కడితే వాళ్లకీ ధైర్యం, మీకూ బ్యాంకు దగ్గర మాట నిలుస్తుంది. బాకీ తీరాక బ్యాంకు 30 రోజుల్లో దస్తావేజులు ఇవ్వాలి, దాటితే రోజుకి 5,000 రూపాయలు మీకు చెల్లించాలి. తాకట్టును రిజిస్టరు చేసి ఉంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో దాని రద్దు కూడా రిజిస్టరు చేయించండి. లేకపోతే ఈసీలో (ఆస్తి మీద లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో) పాత తాకట్టు కనిపిస్తూ కొన్నవారికి తలనొప్పి అవుతుంది.

60 రోజులు దాటితే సెక్షన్ 13(4) కింద స్వాధీన నోటీసు తలుపు మీద పడుతుంది, ఏడు రోజుల్లోపు రెండు పత్రికల్లో వస్తుంది, అందులో ఒకటి తెలుగు పత్రిక. ఇది కాగితం మీది స్వాధీనం, మీరు ఇంట్లోనే ఉంటారు. నిజంగా ఖాళీ చేయించడానికి బ్యాంకు సెక్షన్ 14 కింద కలెక్టరు దగ్గరకో, చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు దగ్గరకో వెళ్లాలి. అక్కడినుంచి ఆర్డరు వస్తే పోలీసులతో వస్తారు, సామాను పంచనామా రాస్తారు. స్వాధీన నోటీసు తేదీ నుంచి 45 రోజుల్లో విశాఖపట్నంలోని రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కి వెళ్లవచ్చు. అక్కడ నిలబడేది విధానంలో తప్పులే: నోటీసు సరిగా అందించకపోవడం, మీ అభ్యంతరానికి జవాబివ్వకపోవడం, ఎన్‌పీఏ తేదీ తప్పు, మిగిలిన బాకీ అసలు, వడ్డీల మొత్తంలో 20 శాతంలోపే ఉన్నా ఈ చట్టం వాడటం. అక్కడ ఓడి పై ట్రైబ్యునల్‌కి పోవాలంటే బాకీలో సగం డిపాజిట్ చేయాలి, దయతలిస్తే పావువంతు దాకా తగ్గిస్తారు.

వేలానికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మొత్తం కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడే వరకే. 2016లో మార్చిన ఈ నిబంధనను 2023లో సుప్రీంకోర్టు గట్టిగా నిలబెట్టింది. "పాట రోజు పొద్దున డబ్బు పట్టుకెళ్దాం" అనుకునేవాళ్లు ఇక్కడే ఇల్లు పోగొట్టుకుంటున్నారు.

పన్ను సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి ఒక ముక్క. వేలంలో డబ్బంతా బ్యాంకే పట్టుకెళ్లినా క్యాపిటల్ గెయిన్స్ లెక్క ఇంటి యజమాని పేరనే. ఆంధ్రప్రదేశ్‌కి చెందిన ఒక ఆబ్కారీ కాంట్రాక్టరు తాకట్టు ఆస్తి వేలం కేసులో 2001లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. కొన్న ధర, రిజిస్ట్రేషన్ ఖర్చు, కట్టించిన రసీదులు పారేయకండి.

ప్రశ్న: తోటి టీచరు ఇంటి లోనుకి హామీ సంతకం పెట్టాను. ఆయన ఆపేశాడు. ముందు ఆయన ఇల్లు అమ్మి, చాలకపోతేనే నా దగ్గరకి రావాలి కదా?
— ఖమ్మం

జవాబు: అలా అని ఎక్కడా లేదు. హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానమని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 చెబుతోంది. ఎవర్ని ముందు అడగాలో బ్యాంకు ఇష్టం. మీ క్రెడిట్ రిపోర్టులోనూ ఆ లోను కనిపిస్తుంది. మీరు కట్టాల్సి వస్తే మీ ఖాతా నుంచే, వివరం తెలిసేలా కట్టండి. కట్టినంత మేరకు ఆయన మీద దావా వేసే హక్కు, బాకీ పూర్తిగా మీరే తీరిస్తే తాకట్టు మీద బ్యాంకుకున్న హక్కు మీకు వస్తాయి.

ప్రశ్న: రెండు ఈఎంఐలు ఆగాయి. రికవరీ వాళ్లు రాత్రి తొమ్మిదికి మా బావమరిదికి ఫోన్ చేసి తిడుతున్నారు.
— కరీంనగర్

జవాబు: ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదు. బంధువుల్ని, స్నేహితుల్ని వేధించకూడదు. ఆర్‌బీఐ 2022 ఆగస్టు ఆదేశం ఇది. కాల్ రికార్డులు, సమయాలతో బ్యాంకు ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. దీంతో తిట్లు ఆగుతాయి, 90 రోజుల లెక్క మాత్రం ఆగదు.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్‌లో, ఆస్టిన్ దగ్గర 2022లో ఇల్లు కొన్నాడు. ఇప్పుడు ఇంటి ధర అప్పుకన్నా తక్కువైంది, ఉద్యోగమూ ఊగుతోంది. అక్కడ తాళాలు బ్యాంకుకిచ్చేసి వచ్చేయొచ్చు, ఇంకేం అడగరు అని కాలిఫోర్నియాలో ఉన్న మా మేనల్లుడు చెప్పాడు. నిజమేనా?
— హనుమకొండ

జవాబు: మేనల్లుడు చెప్పింది అతని రాష్ట్రానికి చాలావరకు నిజం. సొంతంగా ఉండటానికి ఇల్లు కొన్న అసలు లోనైతే, కాలిఫోర్నియాలో బ్యాంకు ఇంటితోనే సరిపెట్టుకోవాలి, తక్కువ పడింది కట్టమని మనిషి వెంట పడకూడదు. టెక్సస్ అలా కాదు. వేలంలో లోటు పడితే రెండేళ్లలోపు దావా వేయవచ్చు. కాకపోతే వేలం ధర మరీ తక్కువైతే, మార్కెట్ విలువ ఎంతో తేల్చి ఆ మేరకు లోటు తగ్గించమని కోర్టును అడిగే హక్కు మీ అబ్బాయికి ఉంది. ఇలాంటి అప్పుకి జీతం జప్తు చేయడాన్ని టెక్సస్ చట్టం ఒప్పుకోదు, కానీ బ్యాంకు ఖాతాలో డబ్బుకి ఆ రక్షణ లేదు.

టెక్సస్‌లో వేలానికి కోర్టుకెళ్లే పని మామూలుగా ఉండదు, అందుకే వేగం ఎక్కువ. ఫెడరల్ నిబంధన ప్రకారం సొంతంగా ఉంటున్న ఇంటికి 120 రోజుల బాకీ పడే వరకు ఫోర్‌క్లోజర్ (ఇల్లు వేలం వేసి బాకీ రాబట్టుకునే ప్రక్రియ) మొదలుపెట్టకూడదు. టెక్సస్ చట్టం ప్రకారం సరిదిద్దుకోవడానికి కనీసం 20 రోజుల నోటీసు, ఆపైన వేలానికి కనీసం 21 రోజుల నోటీసు ఇవ్వాలి. వేలం ప్రతి నెలా మొదటి మంగళవారం, కౌంటీ కోర్టు దగ్గర జరుగుతుంది. ఆ 120 రోజులే అతనికి మిగిలిన సమయం. ఉద్యోగం పోయిన వారంలోనే సర్వీసరుకి (వాయిదాలు వసూలు చేసే సంస్థకి) ఫోన్ చేసి లాస్ మిటిగేషన్ దరఖాస్తు (వేలం తప్పించే వెసులుబాటు కోరేది) అడగమనండి. వేలం తేదీకి 37 రోజులకన్నా ఎక్కువ ముందు పూర్తి దరఖాస్తు చేరితే, దాన్ని తేల్చకుండా వేలం వేయకూడదు. ఒక్క పే స్లిప్ తక్కువైనా అది పూర్తి దరఖాస్తు కింద లెక్కకి రాదు, కాబట్టి "కంప్లీట్" అని వాళ్ల నుంచి రాతలో తెప్పించుకోమనండి.

ఇల్లు వదులుకోవడమే ఖాయమైతే వేలం దాకా పోనివ్వకుండా, సర్వీసరు ఒప్పుకుంటే షార్ట్ సేల్ (బాకీకన్నా తక్కువ ధరకి ఇల్లు తామే అమ్ముకోవడం) చేయడం మేలు. మళ్లీ ఇల్లు కొనాలంటే ఫ్యానీ మే (అక్కడ బ్యాంకుల నుంచి ఇంటి లోన్లు కొనే పెద్ద సంస్థ) లోనుకి ఫోర్‌క్లోజర్ తర్వాత ఏడేళ్లు, షార్ట్ సేల్ తర్వాత నాలుగేళ్లు ఆగాలి. ఒప్పందంలో లోటు మొత్తం వదులుకుంటున్నట్టు స్పష్టంగా రాసి ఉండాలి, ఆ వాక్యం లేని కాగితం మీద సంతకం పెట్టొద్దనండి. వదులుకున్న మొత్తానికి 1099-సి ఫారం వస్తుంది, దాన్ని ఆదాయంగా చూసి పన్ను అడిగే అవకాశం ఉంది కాబట్టి సంతకానికి ముందే అక్కడి పన్ను సలహాదారుకి చూపించమనండి.